కాగితానికి కుడి పక్క

నిరుడు జూలైలో ఒక మధ్యాహ్నం ప్రయోగశాలలో బ్యూరెట్లు లెక్కపెట్టి బీరువాలో సర్దుతున్నాను. మే నెలలో డిగ్రీ ముగించి వెళ్లిన విద్యార్థి ఒకడు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటు వచ్చిందని ఫోను తీసి చూపించాడు. ఈ ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో 22 ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. మా దగ్గరి నుంచి అలాంటి సీటు తెచ్చుకున్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆనందం పట్టలేక స్టాఫ్ రూములో ఉన్నవాళ్లను పిలవబోయాను. "చేరడం లేదు మేడం. మీకు చెప్పి వెళదామని వచ్చాను" అన్నాడు.

చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. ప్రవేశ పరీక్ష హాల్‌టికెట్టు అది. దాని వెనక వైపు నిలువుగా ఒక గీత గీసి రెండు భాగాలు చేసుకున్నాడు. ఎడమ పక్క పొడవాటి పద్దు: సీటు నిలబెట్టుకోవడానికి కట్టాల్సిన ఫీజు, హాస్టలు డిపాజిట్టు, మెస్సు, ల్యాబ్ కోటు, పుస్తకాలు, ఏడాదికి మూడుసార్లు రైలు ఛార్జీలు. ప్రతి అంకె పక్కనా చిన్న టిక్కు ఉంది. అంటే ఎలాగోలా సర్దుకోవచ్చని. కుడి పక్క ఒకే ఒక్క లెక్క. 17,000 × 24 = 4,08,000. దాని కింద సన్నటి అక్షరాలతో నాన్న మందులు, చీటీ, చెల్లి బస్సు పాసు.

మందుల కంపెనీలో ట్రైనీ కెమిస్టు ఉద్యోగం అప్పటికే చేతిలో ఉంది. వారం వారం మారే షిఫ్టులు, ఊరి బయట ఆగే కంపెనీ బస్సు, నెలకు 17,000. వాళ్ల నాన్న మార్కెట్ యార్డులో హమాలీ. నడుము పట్టేసి ఏడాదిగా బస్తా ఎత్తలేకపోతున్నాడు. అమ్మ కూలికి వెళ్తుంది.

నాకు తోచినవన్నీ చెప్పాను. ఉపకారవేతనానికి దరఖాస్తు పెడదామన్నాను. డిపాజిట్టు డబ్బు లెక్చరర్లందరం కలిసి వేసుకుంటామన్నాను. పాత పుస్తకాలు నా దగ్గరే ఉన్నాయన్నాను. ఓపికగా విన్నాడు. "అవన్నీ ఎడమ పక్కవి మేడం. వాటికి ఏదో ఒక దారి ఉంది. ఈ పక్కదానికి ఏమైనా ఉందా?" అని కుడి వైపు వేలు పెట్టి చూపించాడు.

లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఏమీ అనకుండా నిలబడ్డాను. వాడే అర్థం చేసుకుని, కాగితం బల్ల మీద వదిలేసి వెళ్లాడు.

అప్పటి నుంచి ఆలోచించి ఆలోచించి తేల్చుకున్న మాట ఒకటే. పేద ఇంటి పిల్లలను సైన్సులో పీజీ చదివించాలంటే ఫీజు కట్టడంతో సరిపోదు. ఆ రెండేళ్లూ ఇంటికి రాకుండా పోయే జీతానికి బదులుగా నెలనెలా ఎంతో కొంత వాళ్ల చేతిలో పెట్టాలి. చేరిన మొదటి నెల నుంచీ పెట్టాలి. మాట చిన్నదే. దీన్ని ఎవరికి చెప్పినా వెంటనే నాలుగు అభ్యంతరాలు ఎదురొస్తాయి. వాటిలో కొన్ని నాకూ ఉన్నాయి.

ఉపకారవేతనంలో వేతనం

మన భాషలో స్కాలర్‌షిప్పుకు ఎంత మంచి పేరు ఉందో ఎప్పుడైనా గమనించారా? ఉపకారవేతనం. ఉపకారం సంగతి అందరికీ గుర్తుంటుంది. దరఖాస్తులో, ప్రకటనలో, చెక్కు పట్టుకుని దిగిన ఫోటోలో అదే కనిపిస్తుంది. వెనకాల ఉన్న వేతనం అనే మాటను మాత్రం మరచిపోయాం. వేతనం అంటే చేసిన పనికి నెల తిరిగేసరికి అందాల్సింది. చదువు కూడా పనే అని ఒప్పుకున్నవాళ్లు పెట్టిన పేరు అది.

ఫీజు రీయింబర్స్‌మెంటును తక్కువ చేసి మాట్లాడటం లేదు. అది రాకముందు మా తరగతి గది ఎలా ఉండేదో, వచ్చాక ఎలా మారిందో కళ్లారా చూసినదాన్ని. ఇంట్లో మొదటిసారి పదో తరగతి దాటిన పిల్లలు డిగ్రీ పట్టాలు పుచ్చుకున్నారు. కానీ 18 ఏళ్ల పిల్లవాడి లెక్క వేరు, 21 ఏళ్ల పిల్లవాడి లెక్క వేరు. ఇంటర్ అయ్యాక డిగ్రీలో చేరేవాణ్ని ఇల్లు ఇంకా మోస్తూనే ఉంటుంది. డిగ్రీ పట్టా చేతికొచ్చిన రోజు నుంచి ఇల్లు వాడి భుజం వైపు చూడటం మొదలుపెడుతుంది. అప్పటికి తండ్రి ఒంట్లో సత్తువ తగ్గి ఉంటుంది, చీటీ పాడిన డబ్బు ఖర్చయిపోయి ఉంటుంది, వెనకాల ఇంకొకరు ఇంటర్‌కు వచ్చి ఉంటారు. సరిగ్గా ఆ సమయంలో ఇంకో రెండేళ్లు ఆగమని అడుగుతున్నాం. అలా అడిగేవాళ్లం ఇంటికి ఏమిస్తున్నాం?

ఆంధ్రప్రదేశ్‌లో హాస్టలు, భోజనం ఖర్చులకని పెట్టిన వసతి దీవెన పథకం కింద డిగ్రీ, ఆపై చదువుల వారికి ఏడాదికి 20,000 అన్నారు, రెండు విడతల్లో. నెలకు పంచితే 1,700 రూపాయలైనా రావు. అది మెస్సు బిల్లులో సగానికి కూడా చాలదు. ఇంటికి పంపే ప్రసక్తే లేదు.

ఈ కుడి పక్క పద్దును నా చదువులో ఎవరు భరించారో చెప్పకుండా ముందుకు వెళ్లలేను. నేను 1999లో విశాఖపట్నంలో ఎమ్మెస్సీలో చేరాను. అన్నయ్య ఇంటర్‌తో చదువు ఆపి రైసు మిల్లులో గుమాస్తాగా కుదిరాడు. నెలకు 600 రూపాయలు మనియార్డరు వచ్చేది. కూపను మీద రెండే మాటలు రాసేవాడు: "అందగానే రాయి." నాకంటే అన్నయ్యకే లెక్కలంటే ఎక్కువ ఇష్టం. పదో తరగతిలో నాకు త్రికోణమితి నేర్పింది వాడే. మా ఇంట్లో ఇద్దరు చదవగలిగినవాళ్లు ఉండేవారు, ఒకరి జీతంతో ఇంకొకరు చదివారు. మా అమ్మ ఇప్పటికీ "నిన్ను మీ అన్న చదివించాడు" అంటుంది. అది గర్వంగా చెప్పుకునే మాట. నాకు మాత్రం అది విన్న ప్రతిసారీ గొంతులో ఏదో అడ్డు పడుతుంది. ప్రభుత్వమో విశ్వవిద్యాలయమో భరించాల్సిన ఖర్చును ఒక కుర్రవాడు తన చదువుతో చెల్లించాడు.

మధ్యలో విరిగిన మెట్టు

మన దేశంలో పరిశోధన చేసేవారికి డబ్బే ఇవ్వరా అంటే, ఇస్తారు. సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పు) సాధించినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000. రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలో అయితే 42,000. ఇంటి అద్దె భత్యం అదనం. గేట్ ప్రవేశ పరీక్ష రాసి ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400. ఈ అంకె 2014లో ఖరారైంది. ఆ తర్వాత జేఆర్‌ఎఫ్ రెండుసార్లు పెరిగినా ఇది ఏళ్ల తరబడి అక్కడే కూర్చుంది. అయినా ఎంతో కొంత ఉంది.

జేఆర్‌ఎఫ్ కావాలంటే నెట్ రాయాలి. నెట్ రాయాలంటే, మూడేళ్ల డిగ్రీ చదివినవాళ్లు ఎమ్మెస్సీ చేయాలి. కింద డిగ్రీ వరకు ఫీజుల పథకం ఉంది, పైన 37,000 ఉంది. ఎక్కాల్సిన మెట్టు ఆ రెండింటి మధ్యలో విరిగి ఉంది. కాళ్లు పొడవున్నవాళ్లు ఒక్క అంగలో దాటేస్తారు. తండ్రికి ఉద్యోగం ఉన్నవాళ్లకు ఆ రెండేళ్లు అసలు ఖాళీగానే కనిపించవు. పైన నిలబడి చూసేవారికి మాత్రం, వచ్చిన వాళ్లందరూ ప్రతిభతోనే వచ్చారనిపిస్తుంది.

ఎమ్మెస్సీకి ఏమీ లేదని అనను. కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ పథకం కింద ఏడాదికి 80,000 ఇస్తారు, బీఎస్సీ నుంచి ఎమ్మెస్సీ దాకా. అందులో 60,000 విద్యార్థి ఖాతాలో పడుతుంది, 20,000 వేసవి ప్రాజెక్టుకు. మంచి పథకమే. కానీ ఎంపిక ఇంటర్ మార్కులతో జరుగుతుంది. బోర్డులో మొదటి ఒక్క శాతంలో ఉండాలి. మన రెండు రాష్ట్రాల్లో ఇంటర్ మార్కులు ఎక్కడ, ఎలా తయారవుతాయో మనకు తెలుసు. ఉదయం అయిదింటికి లేపి రాత్రి పదింటి దాకా కూర్చోబెట్టే హాస్టళ్లకు లక్షలు కట్టినవాళ్లతో, లెక్చరరు పోస్టు ఖాళీగా ఉన్న ప్రభుత్వ జూనియర్ కళాశాల పిల్లలు పోటీ పడాలి. నేను చెప్పిన విద్యార్థికి ఇంటర్‌లో కెమిస్ట్రీ అంటే భయం. డిగ్రీ రెండో ఏడాదిలో, కర్బన రసాయనంలో చర్య ఎలా నడుస్తుందో బాణాలు గీసి చూపించిన రోజున వాడి ముఖంలో వెలుగు చూశాను. అప్పటికి ఇన్‌స్పైర్ తలుపు మూసి రెండేళ్లయింది. సైన్సు అందరికీ 17 ఏళ్లకే పట్టుబడదు.

కిశోర్ వైజ్ఞానిక్ ప్రోత్సాహన్ యోజన ఉండేది. 1999లో మొదలైంది, ఎమ్మెస్సీ స్థాయిలో నెలకు 7,000 ఇచ్చేది. 2022లో దాన్ని ఇన్‌స్పైర్‌లో కలిపేశారు. ఇప్పుడు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) పీజీ విద్యార్థులకు జాతీయ ఉపకారవేతనం ఇస్తోంది. నెలకు 15,000, ఏడాదికి పది నెలలు. నేను కోరుకునే దానికి రూపంలో చాలా దగ్గరగా ఉన్నది ఇదే. అయితే దేశం మొత్తానికీ, అన్ని సబ్జెక్టులకూ కలిపి 10,000 మందికి. ఇక ఆ పది నెలల లెక్క నాకు మింగుడు పడలేదు. మిగిలిన రెండు నెలలూ ఇంట్లో పొయ్యి వెలగాలి గదా.

ఆడపిల్లల కాగితం మీద కుడి పక్క ఇంకో పద్దు కూడా ఉంటుంది: పెళ్లి. నాలుగేళ్ల కిందట ఒక అమ్మాయికి ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీలో, అంటే ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిపి చదివే కోర్సులో సీటు వచ్చింది. అక్కడ మొదటి నెల నుంచే స్టైపెండ్ ఇస్తారు. వాళ్ల అమ్మ కళాశాలకు వచ్చి నన్ను ఒకే ప్రశ్న అడిగింది: "నెలనెలా డబ్బు ఇస్తారన్నది నిజమేనా అమ్మా?" నిజమేనన్నాను. ఆ తర్వాత సంబంధం తెచ్చిన వాళ్లతో "మా అమ్మాయికి జీతం వస్తోంది, ఇప్పుడే చేయం" అని చెప్పిందట. చదువుకుంటోంది అని చెబితే ఆగని సంబంధం, జీతం వస్తోంది అంటే ఆగింది. ఆ అమ్మాయి ఇప్పుడు పరిశోధన చేస్తోంది.

30 రూపాయల జీతం, 75 రూపాయల వేతనం

1912లో శ్రీనివాస రామానుజన్ మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తా. నెల జీతం 30 రూపాయలు. మరుసటి ఏడాది మద్రాసు విశ్వవిద్యాలయం ఆయనకు పరిశోధక వేతనం మంజూరు చేసింది: నెలకు 75 రూపాయల చొప్పున రెండేళ్లు. డిగ్రీ లేని మనిషికి అలా ఇవ్వడానికి నిబంధనలు అడ్డొస్తే వాటిని పక్కకు జరిపారు. మూడు నెలలకోసారి చేసిన పనికి నివేదిక ఇవ్వమన్నారు.

ఈ కథ చెప్పేటప్పుడు అందరూ ఇంగ్లండులోని గణిత శాస్త్రవేత్త హార్డీకి ఆయన రాసిన ఉత్తరం దగ్గర ఆగుతారు. నేను తరగతిలో చెప్పేటప్పుడు ఆ రెండు అంకెల దగ్గర ఆగుతాను. ఆయన వదులుకోవాల్సిన జీతానికి రెండున్నర రెట్లు ఇచ్చారు. అందువల్లే ఇంట్లో తల్లినీ భార్యనూ పెట్టుకుని, ఉద్యోగం మానేసి, పగలంతా లెక్కలు చేసుకోగలిగారు. ఆ తర్వాత ఏడాది ఇంగ్లండు వెళ్లినప్పుడు కూడా ఆయనకిచ్చిన డబ్బులో కొంత భాగం కుంభకోణంలో ఉన్న ఇంటికి అందే ఏర్పాటు చేశారు. కాగితానికి కుడి పక్క ఒకటి ఉంటుందని 1914లో తెలిసిన సంగతే.

జీవరసాయన శాస్త్రవేత్త, మన యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ ఇంకో రకం. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1920ల మొదట్లో అమెరికా వెళ్లారు. మామగారి సాయానికి తోడు కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేసింది. రంగూన్‌లో సంపాదించిన ఆస్తిని చదువులకు రాసిపోయిన మనిషి సత్యలింగం నాయకర్. కాకినాడలో పీజీ చదువులు నడిచే ప్రాంగణానికి ఈనాటికీ ఆ పేరే ఉంది. దారిఖర్చులకైతే డబ్బు అందింది గాని, బోస్టన్‌లో బతకడానికి చాల్లేదు. సుబ్బారావుగారు ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేస్తూ చదువుకున్నారు. ఆయన పట్టుదలకు గుర్తుగా ఆ రాత్రులను మనం పిల్లలకు చెబుతాం. నేనూ చెప్పాను చాలా ఏళ్లు. ఈమధ్య మానేశాను. ఫోలిక్ యాసిడ్ తయారీ మీద, క్యాన్సర్ మందుల మీద పనిచేసిన ఆ మెదడుకు 53 ఏళ్లే ఆయుష్షు దక్కింది. అందులో అన్ని రాత్రులు పాత్రలు కడగడానికి పోయాయంటే, అది ఎవరూ ఆదర్శంగా చెప్పుకోవాల్సిన సంగతిలా నాకు అనిపించడం లేదు.

ఎదురు ప్రశ్నలు

మా కళాశాలలో ఫిజిక్సు చెప్పే సహోద్యోగితో ఈ విషయం చాలాసార్లు వాదించాను. ఆయనది పేద కుటుంబమే, కష్టం తెలియని మనిషి కాదు. "మేడం, ఎమ్మెస్సీ చదివినవాళ్లు కూడా అదే కంపెనీకి, అదే గేటులోంచి వెళుతున్నారు. నాలుగైదు వేలు ఎక్కువ జీతం, అంతే. దానికోసం రెండేళ్లు పోగొట్టుకోమని ఎలా చెబుతారు?" అన్నారు. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ పారిశ్రామికవాడల వైపు వెళ్లే కంపెనీ బస్సులు ఎక్కి చూస్తే ఆయన మాట నిజమని తెలుస్తుంది. నా పాత విద్యార్థుల్లో పదిమందైనా ఎమ్మెస్సీ ఆర్గానిక్ చేసి కాంట్రాక్టు కింద రియాక్టరు దగ్గర నిలబడ్డారు. వాళ్లలో ఒకరు "అప్పుడే ఉద్యోగంలో చేరి ఉంటే బాగుండేది మేడం" అన్నప్పుడు నాకు తలెత్తుకోవడం కష్టమైంది.

అందుకే అందరూ ఎమ్మెస్సీ చేయాలన్న మాట నేను ఎప్పుడూ అనను. చేయాలని ఉండి, చేయగలిగి, సీటు కూడా తెచ్చుకున్నవాడు 17,000 కోసం వెనక్కి తిరగడం గురించే నా బాధ. ఉద్యోగమే మేలని వాడు తేల్చుకుంటే అది వాడి ఇష్టం. జూలైలో నా ముందు నిలబడ్డ కుర్రవాడికి తేల్చుకునే వీలే లేదు.

రెండో ప్రశ్న ఇంకా గట్టిది: పీజీ చదువులకని ప్రభుత్వం ఇచ్చే డబ్బు చివరికి ప్రైవేటు యాజమాన్యాల జేబులోకే పోదా? 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 77 తెచ్చింది. ప్రైవేటు కళాశాలల్లో పీజీలో చేరేవారికి ఆ విద్యా సంవత్సరం నుంచి ఫీజు పథకం వర్తించదని దాని సారం. విద్యార్థి సంఘాలు దాన్ని రద్దు చేయమని ఏళ్ల తరబడి అడిగాయి. మొదట నేనూ అదే అన్నాను. ఆ తర్వాత ఒక పాత జ్ఞాపకం వెంటాడింది. ఒకసారి ప్రాక్టికల్ పరీక్షకు బయటి ఎగ్జామినరుగా ఒక ప్రైవేటు పీజీ కళాశాలకు వెళ్లాను. రెండో ఏడాది ఎమ్మెస్సీ విద్యార్థులు. బీరువా తెరిస్తే గాజుసామాను ఇంకా ఎండుగడ్డిలో చుట్టి పెట్టినట్టే ఉంది. ఒక అమ్మాయికి పిపెట్టు పట్టుకోవడం రాలేదు. కన్నీళ్లు పెట్టుకుని "మాకు ఇదే మొదటిసారి మేడం" అంది. ఆ అమ్మాయి పేరున రెండేళ్ల ఫీజు ఖజానా నుంచి ఆ యాజమాన్యానికి చేరుతోంది.

కాబట్టి ఆ జీవో వెనక ఉన్న ఆలోచన పూర్తిగా తప్పని చెప్పలేను. జరిగింది మాత్రం కలుపుతో పాటు పైరునూ పీకేయడం. ఇంటికి దగ్గర్లో ఉన్న పీజీ కళాశాల ప్రైవేటుదే అయి, హాస్టలుకు పంపని ఇంట్లో పుట్టిన అమ్మాయికి ఆ రోజుతో చదువు ముగిసింది. కళాశాల చెడ్డదైతే కళాశాలను పట్టుకోవాలి. నేను అడిగే నెలసరి వేతనం విశ్వవిద్యాలయాల్లో, ప్రభుత్వ కళాశాలల్లో మొదలైనా నాకు సమ్మతమే. డబ్బు విద్యార్థి చేతికి వెళితే యాజమాన్యాల ఆశ కూడా తగ్గుతుంది.

అప్పు తీసుకోవచ్చు గదా అన్నది మూడోది. 2024 నవంబరులో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి పథకానికి ఆమోదం తెలిపింది. ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో సీటు వస్తే పూచీకత్తు లేకుండా రుణం ఇస్తారు, ఆదాయాన్ని బట్టి వడ్డీ రాయితీ ఉంది. ఇంజనీరింగ్ పిల్లలకు ఇది ఎంతో మేలు చేస్తుంది. ఎమ్మెస్సీ కోసం బ్యాంకుకు వెళ్లిన మా విద్యార్థిని మేనేజరు అడిగిన మొదటి మాట, చదువయ్యాక ప్యాకేజీ ఎంత వస్తుందని. ఎమ్మెస్సీకి ప్యాకేజీ ఉండదు. తర్వాత నెట్, తర్వాత అయిదేళ్ల పీహెచ్‌డీ ఉంటాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి, అప్పు కూడా ఎడమ పక్కకే పనికొస్తుంది. నాన్న మందులకు, చెల్లి బస్సు పాసుకు విద్యారుణం ఇచ్చే బ్యాంకు లేదు.

డబ్బెక్కడిదని అడిగేవాళ్లకు ఒక లెక్క చెబుతాను. తెలంగాణలో అంబేద్కర్ విదేశీ విద్యానిధి కింద ఒక్కో విద్యార్థికి 20 లక్షల దాకా ఇస్తారు. దళిత, గిరిజన కుటుంబాల పిల్లలు దాంతో విదేశాల్లో చదువుకున్నారు. అది ఒక్క రూపాయి కూడా తగ్గకూడదు. అదే 20 లక్షలతో నెలకు 15,000 చొప్పున రెండేళ్ల పాటు అయిదుగురిని ఇక్కడ ఎమ్మెస్సీ చదివించవచ్చు. ఖజానాకు ఇది మోయలేని బరువు అంటే నేను నమ్మను.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే ప్రశ్న వేరే ఉంది. అది ఎవరో అడిగినది కాదు, మా పనిమనిషి కొడుకు రాసిన రాత చూసినప్పుడు నాకే వచ్చింది. అయిదో తరగతి చదువుతున్నాడు, రెండంకెల భాగహారం రాదు. ఉన్న డబ్బు ముందు అక్కడ పెట్టొద్దా? పీజీ దాకా వచ్చినవాడు ఎంత పేదవాడైనా ఎలాగో గట్టెక్కుతాడు, వీడి సంగతేమిటి? దీనికి నా దగ్గర నిండైన జవాబు లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. ఆ పిల్లవాడికి రేపు లెక్కలూ సైన్సూ చెప్పాల్సిన వాళ్లు, వాళ్లకు చెప్పేవాళ్లు ఈ ఎమ్మెస్సీ గదుల్లోంచే వస్తారు. నాకు డిగ్రీలో కెమిస్ట్రీ చెప్పినాయన చేనేత కుటుంబం నుంచి వచ్చారు. క్లాసు అయ్యాక నన్ను ఆపి "అప్లికేషను కొన్నావా?" అని అడిగింది ఆయనొక్కరే. మా ఇంట్లో పరిస్థితి చెప్పకుండానే ఆయనకు అర్థమైంది. అలా అర్థం చేసుకోగలిగినవాళ్లు విశ్వవిద్యాలయాల్లో తగ్గిపోతే, అయిదో తరగతి పిల్లవాడు పైకి వచ్చేనాటికి అక్కడ వాడి భాష తెలిసినవాళ్లు ఎవరూ ఉండరు. ఇది వాదనగా ఎంత నిలుస్తుందో గాని, నేను బతికి చూసిన సంగతి.

నెల మొదటి వారం

ఎంత ఇస్తారన్నదానికంటే ఎప్పుడు ఇస్తారన్నది పేద ఇంట్లో పెద్ద ప్రశ్న. ఏడాది చివర ఒక్కసారిగా పడే లక్షన్నర కంటే, ప్రతి నెలా అయిదో తేదీకి పడే పది వేలు మేలు. కిరాణా కొట్టువాడు, అద్దె ఇంటివాడు, మందుల షాపువాడు సంవత్సరానికోసారి లెక్క చూసేవాళ్లు కారు.

రెండేళ్ల కిందటి విద్యార్థిని ఒకరు పీజీలో చేరి 14 నెలలు ఉపకారవేతనం కోసం ఎదురుచూసింది. మంజూరైంది అని ఫోనుకు సందేశం వచ్చింది. ఖాతాలో పడలేదు. మీసేవకు, కళాశాల ఆఫీసుకు, బ్యాంకుకు తిరిగింది. చివరకు తేలినదేమిటంటే, ఎప్పుడో ఊళ్లో ఎవరో వేలిముద్ర వేయించుకుని తెరిచిన వేరే బ్యాంకు ఖాతాకు ఆధార్ ముడిపడి ఉంది. ఆ ముడి విప్పడానికి ఇంకో మూడు నెలలు. అన్నాళ్లూ మధ్యాహ్నం మెస్సు మానేసి, గ్లూకోజు బిస్కెట్ల పొట్లం ఒకటి సంచిలో వేసుకుని ప్రాక్టికల్స్‌కు వెళ్లేదాన్నని నాతో మామూలుగా చెప్పింది. నాలుగు గంటలు నిలబడి చేయాల్సిన ప్రయోగాలు అవి.

2016 జనవరిలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ఆత్మహత్యకు ముందు రాసిన చివరి ఉత్తరంలో, తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్పు లక్షా 75 వేలు ఇంటివాళ్లకు అందేలా చూడమన్న మాట ఉంది. ఆ ఉత్తరంలోని మిగతా వాక్యాల మీద ఎంతో చర్చ జరిగింది. నేను చదివినప్పుడల్లా కళ్లు ఈ వాక్యం దగ్గరే నిలిచిపోతాయి. ఆ డబ్బు ఎవరికి చేరాలో అక్కడా రాసి ఉంది: ఇంటికి.

కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలలోపు ఉన్న, డిగ్రీలో మంచి మార్కులు తెచ్చుకుని ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సైన్సు పీజీ సీటు సంపాదించిన ప్రతి విద్యార్థికీ నెలకు 15,000 ఇవ్వాలని నా కోరిక. పన్నెండు నెలలూ, చేరిన నెల నుంచే. సెమిస్టరు తప్పితే ఆపవచ్చు. సీటు ఇచ్చేటప్పుడే ఆ మాట కాగితం మీద రాసి ఇవ్వాలి. ఎందుకంటే చేరాలా వద్దా అన్నది ఇంట్లో తేలేది సీటు వచ్చిన ఆ నాలుగైదు రోజుల్లోనే. ఆ తర్వాత ఎంత గొప్ప పథకం మంజూరైనా, చేరనివాడికి అది వర్తించదు.

వాళ్లు ఆ డబ్బును చదువుకు కాకుండా ఇంటికి పంపేస్తారని నా సహోద్యోగి అనుమానం. పంపుతారు. పంపాలనే అడుగుతున్నాను.

ఈ సంక్రాంతికి ఆ కుర్రవాడు మా ఇంటికి వచ్చాడు. చేతులకు సాల్వెంటు వాసన, కళ్ల కింద నైట్ షిఫ్టు నలుపు. వచ్చే ఏడాది మళ్లీ ప్రవేశ పరీక్ష రాస్తావా అని అడిగాను. రాస్తానన్నాడు. కర్బన రసాయనంలో రెండు లెక్కలు అడిగాడు, చెప్పాను. వెళ్లబోతుండగా నా డైరీలోంచి ఆ హాల్‌టికెట్టు తీసి చూపించాను. కాసేపు చూసి, నా పెన్ను తీసుకుని కుడి పక్కన 17,000 కొట్టేసి 18,500 అని దిద్దాడు. "జనవరి నుంచి పెంచారు మేడం" అన్నాడు. కింద గుణకారం మాత్రం మళ్లీ చేయలేదు.